53,000 రూపాయల గేమింగ్ కంప్యూటరుకు మదర్‌బోర్డు: రెండు బోర్డుల డైరీ

హద్దులు, లెక్కలు (2024 ఏప్రిల్ 18)

మా అక్క కొడుకు కోసం హనుమకొండలో మా ఇంట్లోనే బిగించిన ఈ కంప్యూటరులో, భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు ఒక్కటే రెండుసార్లు కొనవలసి వచ్చింది. మిగిలిన భాగాలన్నీ మొదటిసారికే కుదిరాయి కనుక వాటి గురించి క్లుప్తంగానే రాస్తాను. మొదటి బోర్డు ఎందుకు తీసేశానో, ఏ కొలత చూసి ఆ నిర్ణయానికి వచ్చానో, రెండోదాన్ని కొట్లో నిలబడి ఎలా పరీక్షించానో వివరంగా రాస్తున్నాను. ఇదే ప్రాసెసరుతో బిగించుకునేవారు ఈ అంకెలను తమ గదిలోని వేడితో సరిచూసుకుని వాడుకోవచ్చు.

మొత్తం ఖర్చుకు హద్దు 53,000 రూపాయలు. మానిటరు, కీబోర్డు, మౌసు, ఒక పాత 1 టీబీ హార్డ్‌డిస్క్ ఇంట్లో ఉన్నవే.

1. రైజెన్ 5 5600 ప్రాసెసరు, దానితో వచ్చే కూలరు: 10,400. మొత్తం 10,400.
2. ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ: 20,500. మొత్తం 30,900.
3. డీడీఆర్4 ర్యామ్, 3,200 వేగం, 8 జీబీవి రెండు: 3,300. మొత్తం 34,200.
4. 500 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ: 3,100. మొత్తం 37,300.
5. 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె): 3,900. మొత్తం 41,200.
6. రెండు ఫ్యాన్లున్న క్యాబినెట్: 3,000. మొత్తం 44,200.

బోర్డుకు మిగిలింది 8,800. రైజెన్ తయారుచేసే ఏఎమ్‌డీ కొత్త సాకెట్ (బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే గూడు) ఏఎమ్5 2022లోనే వచ్చింది. కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. బోర్డు ధర, ర్యామ్ ధర రెండూ పెరిగి, ఆ భారం చివరికి గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ఆటలు ఆడే కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డును తగ్గించి బోర్డును పెంచడం నాకు సమ్మతం కాదు. అందుకే పాత ఏఎమ్4 దగ్గరే ఆగాను.

మొదటి దశ: వాడిన బీ450 బోర్డు (ఏప్రిల్ 20 నుంచి 27)

బోర్డు మీద ఎంత మిగిల్చగలిగితే అంత మేలనే లెక్కతో, ఏఎమ్4 సాకెట్ ఉన్న, వాడిన బీ450 రకం బోర్డు ఒకటి 3,800 రూపాయలకు తీసుకున్నాను. మొత్తం 48,000. అమ్మినతను బయోస్ (ఆన్ చేయగానే ప్రాసెసరును గుర్తించి కంప్యూటరును మొదలుపెట్టే, బోర్డు చిప్పులోని సాఫ్ట్‌వేరు) అప్‌డేట్ చేసే ఇస్తున్నానని చెప్పాడు. నేను అతని ఇంట్లోనే ఆన్ చేయించి, తెర మీద దాని సంచిక (వెర్షన్) చూసుకుని ఉండవలసింది. ఆ పని చేయకపోవడమే ఈ డైరీలోని మొదటి పొరపాటు.

బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ తిరిగాయి గాని తెర నల్లగానే ఉండిపోయింది. బోర్డు అంచున ఉన్న నాలుగు చిన్న దీపాలలో ప్రాసెసరుకు సంబంధించినది వెలిగి, ఎంతసేపైనా ఆరలేదు. అప్పుడు నేను చేసిన పనులు ఇవి:

1. ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే 24 పిన్నుల తీగను, ప్రాసెసరుకు వెళ్లే 8 పిన్నుల తీగను తీసి మళ్లీ గట్టిగా పెట్టాను.
2. ర్యామ్ ఒక్కొక్కటిగా, రెండు స్లాట్లలోనూ మార్చి చూశాను.
3. గుండ్రటి సీఆర్2032 సెల్లు తీసి పది నిమిషాలు ఆగాను. ఆ తరువాత బయోస్ అమరికలను మొదటి స్థితికి తెచ్చే రీసెట్ పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో కలిపి చూశాను.
4. మల్టీమీటరుతో ఎస్‌ఎమ్‌పీఎస్ కొలిచాను. 12.1, 5.04, 3.33 వోల్టులు వచ్చాయి, మూడూ సరైనవే.

మూడు సాయంత్రాలు కలిపి నాలుగున్నర గంటలు ఇలా గడిచాయి. నాలుగో రోజు టార్చి వేసి చూసినప్పుడు బయోస్ చిప్పు మీద అంటించిన చిన్న చీటీ కనిపించింది. దాని మీది సంచిక సంఖ్యను బోర్డు తయారీదారు ఇచ్చిన ప్రాసెసర్ల పట్టికలో వెతికితే అది 2019 నాటిదని తేలింది. బోర్డు కొన్న తరువాత బయోస్ మార్చి ఉంటే ఆ చీటీని నమ్మలేము గాని, ఇక్కడ లక్షణమూ చీటీ చెప్పినదీ ఒకటే అయ్యాయి. బోర్డు రకాన్ని నిర్ణయించే ముఖ్యమైన చిప్పు, అంటే బీ450 చిప్‌సెట్, 2018లో వచ్చింది, రైజెన్ 5 5600 2022 ఏప్రిల్‌లో వచ్చింది. సాకెట్ ఒకటే కాబట్టి ప్రాసెసరు చక్కగా కూర్చుంటుంది. కానీ తన తరువాత మూడేళ్లకు పుట్టిన ప్రాసెసరును ఆ బయోస్ గుర్తించలేదు.

బయోస్ మార్చడానికి కంప్యూటరు ముందు ఆన్ కావాలి. ఆన్ కావడానికి బయోస్ మారాలి. ఈ చిక్కును విప్పడానికి కొన్ని బోర్డులకు వెనుక ఒక చిన్న బటన్ ఉంటుంది. ప్రాసెసరు లేకపోయినా, కరెంటు ఇచ్చి, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ పెట్టి ఆ బటన్ నొక్కితే బయోస్ మారుతుంది. నా బోర్డుకు అది లేదు. బీ450 బోర్డుల్లో కొన్నింటికి ఉంది, చాలా చౌక రకాలకు లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి, బోర్డు పట్టుకుని వెళ్లాను. అక్కడ ఒక కొట్లో పాత తరం రైజెన్ ప్రాసెసరు పెట్టి, ముందు ఒక మధ్య సంచికకు, దాని మీద కొత్త సంచికకు మార్చి ఇచ్చారు. అరగంట పని, 500 రూపాయలు. మొత్తం 48,500. రైలు ఖర్చు, పనిముట్ల ఖర్చు ఈ లెక్కలో కలపలేదు.

రెండో దశ: వేడి (మే 1 నుంచి 9)

కంప్యూటరు ఆన్ అయింది, విండోస్ ఎక్కింది, ఆటలు నడిచాయి. ఇక్కడితో ఆపేవాడినే గాని, బోర్డు మీద ప్రాసెసరు పక్కన ఉన్న నల్లటి చిన్న చతురస్రాలు నన్ను ఆగనివ్వలేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసరుకు కావలసిన ఒకటి, ఒకటిన్నర వోల్టుల స్థాయికి దించేది ఆ భాగమే. దాన్ని వీఆర్ఎమ్ అంటారు. దించే క్రమంలో అది వేడెక్కుతుంది. ఖరీదైన బోర్డులకు దాని మీద అల్యూమినియం దిమ్మ, అంటే హీట్‌సింక్, ఉంటుంది. నా బోర్డుకు లేదు. రైజెన్ 5 5600 పెట్టె మీద 65 వాట్లని ఉన్నా, పూర్తి పనిలో అది సాకెట్ నుంచి 76 వాట్ల వరకు తీసుకునేలా కట్టుబాటు ఉంటుంది. చలికాలంలో ఇది పెద్ద విషయం కాదు. మే నెలలో మా ఇంట్లో మధ్యాహ్నం గది వేడి 37 డిగ్రీలు. అక్క కొడుకు కరీంనగర్‌లో ఉండేది పై అంతస్తు, రేకుల కప్పు.

కొలిచిన పద్ధతి ఇది. ఈ బోర్డు వీఆర్ఎమ్ వేడిని సాఫ్ట్‌వేరుకు చెప్పదు కనుక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడాను. క్యాబినెట్ వెనుక పలక తీస్తే, కూలరు బిగించుకోవడానికి వదిలిన కిటికీలోంచి బోర్డు వీపు కనిపిస్తుంది. మొదటిసారి నేరుగా టంకం మీదికి గురిపెడితే 58 డిగ్రీలని వచ్చింది. చేయి దగ్గర పెడితేనే సెగ తగులుతుండగా అది నమ్మదగ్గ అంకె కాదు. మెరిసే లోహం నుంచి ఈ పరికరం సరిగ్గా చదవలేదు. అక్కడ చిన్న కాగితపు మాస్కింగ్ టేపు ముక్క అంటించి, దాని మీద చదివితే సరైన అంకె వచ్చింది. ఎవరు కొలిచినా ఈ ముక్క మరిచిపోవద్దు.

క్యాబినెట్ మూసి, ప్రాసెసరును పూర్తి భారంతో నడిపే పరీక్షా సాఫ్ట్‌వేరు సినీబెంచ్ ఆర్23ను వరుసగా అరగంట నడిపాను:

1. మొదట్లో 41 డిగ్రీలు, ప్రాసెసరు వేగం 4,300 మెగాహెర్ట్జ్.
2. పదో నిమిషం 89 డిగ్రీలు, వేగం మారలేదు.
3. ఇరవయ్యో నిమిషం 99 డిగ్రీలు, వేగం మారలేదు.
4. ఇరవై ఆరో నిమిషం 103 డిగ్రీలు, వేగం 3,500కు పడిపోయింది.

ప్రాసెసరు వేడి ఆ సమయంలో 84 మాత్రమే. కాబట్టి వేగాన్ని తగ్గించింది ప్రాసెసరు వేడి కాదు, బోర్డు. కూలరు మారిస్తే బాగుపడుతుందని డబ్బు పెట్టబోయేవారు ముందు ఈ తేడాను చూసుకోవాలి. ఆటల్లో ఇంత భారం పడదు. సైబర్‌పంక్ 2077 గంటసేపు నడిపినప్పుడు అదే చోట 86 డిగ్రీలు వచ్చాయి, వేగం తగ్గలేదు. అయితే మేనల్లుడు వీడియో ఎడిటింగ్ కూడా నేర్చుకుంటున్నాడు, అందులో ఎక్స్‌పోర్ట్ పెడితే భారం దాదాపు సినీబెంచ్ లాగే ఉంటుంది.

బాగుచేయడానికి రెండు ప్రయత్నాలు చేశాను. మొదట, వేడిని పంపే జిగురు టేపుతో వచ్చే చిన్న అల్యూమినియం దిమ్మలు 180 రూపాయలకు కొని వీఆర్ఎమ్ మీద అంటించాను. మొత్తం 48,680. వేడి 103 నుంచి 95కు దిగింది. కానీ క్యాబినెట్‌లో బోర్డు నిలువుగా ఉంటుంది. రెండో రోజు మధ్యాహ్నం జిగురు మెత్తబడి ఒక దిమ్మ ఊడి, గ్రాఫిక్స్ కార్డు వీపు మీద పడింది. అదృష్టం కొద్దీ ఆ కార్డుకు ప్లాస్టిక్ కప్పు ఉంది. అది లేకుండా ఉంటే 20,500 రూపాయల కార్డు మీద లోహపు ముక్క షార్టు చేసేది. వెంటనే మిగిలినవీ పీకేశాను. ఈ పద్ధతిని ఎవరికీ చెప్పను.

రెండోది, 120 మి.మీ. ఫ్యాను ఒకటి వీఆర్ఎమ్ వైపు తిప్పి తాత్కాలికంగా కట్టాను. వేడి 82కు దిగింది, వేగం నిలబడింది. ఇది పనిచేసే మార్గమే. అయితే బోర్డుకు ప్రాసెసరు ఫ్యానుకు ఒకటి పోగా, క్యాబినెట్ ఫ్యాన్లకు మిగిలిన హెడరు (ఫ్యాను తీగ గుచ్చే చోటు) ఒక్కటే. దానికే రెండు ఫ్యాన్లు స్ప్లిటరుతో వేలాడుతున్నాయి. ఇంట్లో నా కళ్ల ముందు ఉండే యంత్రమైతే ఇలాగే వదిలేవాడిని. వేరే ఊళ్లో, రేకుల గదిలో, దారంతో కట్టిన ఫ్యాను మీద భరోసా పెట్టి పిల్లవాడికి ఇవ్వడానికి మనసొప్పలేదు.

మూడో దశ: కొట్లో పరీక్ష (మే 11)

మళ్లీ సీటీసీకి వెళ్లాను. మొదట చూపించింది అదే ఏఎమ్4 సాకెట్ ఉన్న ఏ520 రకం బోర్డు, 5,200 రూపాయలు. కొట్లో కుర్రవాడు, "గేమ్స్‌కు ఇదే చాలు సార్, మిగిలిన పైసలు ర్యామ్‌లో పెట్టండి" అన్నాడు. ఆటల వేగం వరకు అతను చెప్పింది నిజమే. ఏ520లో ప్రాసెసరును ఓవర్‌క్లాక్ చేయలేమన్నది, అంటే మామూలు వేగాన్ని మించి నడపలేమన్నది, నాకు అడ్డంకి కాదు. ర్యామ్ 3,200 దగ్గర నడుస్తుంది, అది చాలు. కానీ ఆ బోర్డు కూడా హీట్‌సింక్ లేనిదే, క్యాబినెట్ ఫ్యానుకు హెడరు ఒకటే. నేను వదిలించుకోవాలనుకున్న రెండు లోపాలూ కొత్త పెట్టెలో అలాగే ఉన్నాయి.

పైగా దాని వెడల్పు 20 సెం.మీ. మాత్రమే. ఈ బోర్డుల కొలతను మైక్రో ఏటీఎక్స్ అంటారు; ఆ కొలత పూర్తిగా ఉన్న బోర్డు 24.4 సెం.మీ. చదరం ఉంటుంది. వెడల్పు తగ్గిన బోర్డు కుడి అంచు క్యాబినెట్‌లో బోర్డు స్క్రూలు ఎక్కే మూడో వరుస ఇత్తడి దిమ్మల దాకా రాదు, గాలిలో ఉంటుంది. 24 పిన్నుల తీగను గుచ్చేటప్పుడు ఆ అంచు కిందికి వంగుతుంది. నా బీ450 బోర్డూ అంతే; ఆ వంపు చూసినప్పుడల్లా గుండె జారేది.

ఏఎమ్4లోనే బీ450 తరువాతి తరమైన బీ550 బోర్డుల్లో హీట్‌సింక్ ఉన్నవి మాత్రమే చూపమని అడిగాను. పెట్టె తెరిచి, కొనడానికి ముందే ఈ వరుసలో చూసుకున్నాను:

1. వీఆర్ఎమ్ మీద హీట్‌సింక్ ఉందా, స్క్రూలతో బిగించారా లేక ప్లాస్టిక్ పిన్నులతోనా. నాది స్క్రూలది.
2. వెనుక బయోస్ బటన్ ఉందా. ఉంది.
3. పెట్టె మీద రైజెన్ 5000 వరుసకు సిద్ధమనే చీటీ ఉందా. ఉంది. బీ550 2020 జూన్‌లో వచ్చింది. మొదట్లో తయారైన బోర్డులకు ఈ వరుస ప్రాసెసర్ల కోసం బయోస్ మార్చక తప్పదు.
4. ర్యామ్ స్లాట్లు నాలుగు. ఇప్పుడు రెండు నింపి, తరువాత రెండు కలపవచ్చు.
5. క్యాబినెట్ ఫ్యాన్లకు హెడర్లు రెండు.
6. బోర్డు అంచులు, స్లాట్ల తాళాలు విరగలేదా. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసరుకు ఉంటాయి కనుక సాకెట్‌లో పెద్దగా చూడవలసింది లేదు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 బోర్డు కొనేవారు మాత్రం సాకెట్ మూత తీసి, లోపలి పిన్నులు వంగి లేవని టార్చి వెలుగులో చూసుకోవాలి.

బిల్లుతో 8,700, బిల్లు లేకుండా అయితే 8,100 అన్నారు. మూడేళ్ల వారంటీ ఉన్న వస్తువును 600 రూపాయలకు ఆశపడి బిల్లు లేకుండా కొనడం తెలివైన పని కాదు. సీరియల్ నంబరు వేయించి, జీఎస్‌టీతో బిల్లు తీసుకున్నాను. మొత్తం 57,380. హద్దు దాటింది, పాత బోర్డు అమ్మితే కొంత తగ్గాలి.

నాలుగో దశ: వంగిన పిన్నులు (మే 12)

పాత బోర్డు నుంచి కూలరు తీయడంలో రెండో పెద్ద పొరపాటు చేశాను. నాలుగు స్క్రూలు విప్పి కూలరును నిటారుగా పైకి లాగితే, సాకెట్ తాళం వేసి ఉండగానే ప్రాసెసరు కూలరుకు అతుక్కుని బయటికి వచ్చేసింది. ఏఎమ్4 సాకెట్ ప్రాసెసరును పై నుంచి పట్టి ఉంచదు, పక్క నుంచి పిన్నులను మాత్రమే బిగిస్తుంది. ప్రాసెసరుకూ కూలరుకూ మధ్య పూసే థర్మల్ పేస్టు చల్లగా ఉన్నప్పుడు బంకలాగా పట్టేస్తుంది. ఆ ఊపులో ఒక మూల మూడు పిన్నులు వంగాయి.

ప్రాసెసరుకు 1,331 పిన్నులు. వాటి వరుసల మధ్య చూపు నిలపడం కష్టం. కిటికీ దగ్గర కూర్చుని, ప్రాసెసరును కంటి ఎత్తుకు పట్టుకుని, వరుస వెంబడి చూస్తే వంగినవి గీత తప్పి కనిపించాయి. 0.7 మి.మీ. మెకానికల్ పెన్సిలులోని ములుకు తీసేసి, ఖాళీ గొట్టాన్ని పిన్ను మీద తొడిగి, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టాను. ఒకేసారి నెట్టితే విరుగుతుంది. మూడు పిన్నులకు నలభై నిమిషాలు పట్టింది. చివరి పరీక్ష ఒకటే: సాకెట్ మీద పెట్టినప్పుడు ప్రాసెసరు తన బరువుకు తానే దిగాలి, వేలితో నొక్కవలసిన అవసరం రాకూడదు. రెండోసారికి దిగింది.

తీసే సరైన పద్ధతి:

1. కంప్యూటరును పదిహేను నిమిషాలు భారంగా నడిపి పేస్టును వేడెక్కనివ్వాలి.
2. ఆపి, తీగ పీకి, స్క్రూలు మూలమూలగా కొద్దికొద్దిగా విప్పాలి.
3. కూలరును పైకి లాగకుండా, అటూ ఇటూ కొద్దిగా తిప్పి జారేలా చేసి, ఆ తరువాత ఎత్తాలి.

కూలరుతో వచ్చిన పేస్టు పోయింది కనుక కొత్త ట్యూబు 250. మొత్తం 57,630.

ఐదో దశ: రెండో బోర్డు బిగింపు (మే 12, 13)

బోర్డుతో వచ్చిన రెండు ప్లాస్టిక్ పట్టీలు ఈ కూలరుకు పనికిరావు, వాటిని విప్పాలి. విప్పగానే బోర్డు వెనుక ఉన్న లోహపు పలక ఊడి కింద పడుతుంది. ముందే వెనుక నుంచి చేత్తో పట్టుకోవాలి, లేదా బోర్డును దాని పెట్టె మీద పడుకోబెట్టి విప్పాలి. కూలరు స్క్రూలు ఎక్కేది ఆ పలకకే.

మొదటిసారి ఆన్ చేసినప్పుడే తెర వెలిగింది. అయినా రెండు లోపాలు బయటపడ్డాయి.

మొదటిది ర్యామ్. రెండు ముక్కలనూ పక్కపక్క స్లాట్లలో పెట్టాను, 16 జీబీ అని సరిగ్గానే చూపించింది. భాగాల వివరాలు చూపించే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేరులో చూస్తే, ర్యామ్‌కూ ప్రాసెసరుకూ మధ్య ఉండే రెండు దారుల్లో (చానెళ్లలో) ఒకటే నడుస్తోంది. ప్రాసెసరు వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. ఈ పొరపాటు వల్ల ఎంత పోతుందో కొలవడానికి మార్చకముందే సైబర్‌పంక్‌లోని పరీక్షా దృశ్యాన్ని మూడేసిసార్లు నడిపాను. పక్కపక్క స్లాట్లలో సగటు సెకనుకు 57 ఫ్రేములు, బాగా మందగించిన క్షణాల్లో 39. సరైన స్లాట్లలో సగటు 61, మందగించినప్పుడు 48. ఆ తరువాత బయోస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎమ్‌పీ అమరికను ఆన్ చేసి ర్యామ్‌ను 2,400 నుంచి 3,200కు తెస్తే 64, 52. ఒక్క పైసా పెట్టకుండా వచ్చిన లాభం ఇది. స్లాట్ తప్పు పెట్టి ఏళ్ల తరబడి వాడుకునేవారు ఉంటారని తలచుకుంటేనే బాధగా ఉంది.

రెండోది హార్డ్‌డిస్క్. అది అసలు కనిపించలేదు. ఎస్‌ఎస్‌డీని గ్రాఫిక్స్ కార్డు సెగకు దూరంగా ఉంటుందని కింది ఎమ్.2 స్లాటులో పెట్టాను. మాన్యువల్‌లోని పట్టిక చదివితే, ఆ స్లాటు వాడినప్పుడు హార్డ్‌డిస్క్ తీగలు గుచ్చే సాటా పోర్టుల్లో రెండు పనిచేయవని ఉంది. హార్డ్‌డిస్క్ తీగ సరిగ్గా వాటిలో ఒకదానిలోనే గుచ్చాను. పైగా పైస్లాటు నేరుగా ప్రాసెసరుకు కలిసి ఉంటుంది, కిందిది చిప్‌సెట్ ద్వారా పోతుంది. ఎస్‌ఎస్‌డీని పైకి మార్చగానే హార్డ్‌డిస్క్ కనిపించింది.

ఆరో దశ: రెండు బోర్డుల కొలతలు (మే 14 నుంచి జూన్ 16)

గది 36 డిగ్రీలు, క్యాబినెట్ మూసి, సినీబెంచ్ అరగంట, బోర్డు వీపు మీద అదే చోట టేపు పెట్టి చదివితే 71 డిగ్రీలు. వేగం చివరిదాకా 4,300. పాత బోర్డు మీద ఇరవై ఆరో నిమిషానికే 103, 3,500. వానలు పడి గది 30కి దిగిన తరువాత జూన్ 16న మళ్లీ కొలిస్తే 64.

ఆటల వేగంలో మాత్రం తేడా లేదు. పాత బోర్డు మీద సైబర్‌పంక్ సగటు 63, కొత్తదాని మీద 64. గ్రాఫిక్స్ కార్డుకు, ప్రాసెసరుకు మధ్య డేటా నడిచే దారిని పీసీఐఈ అంటారు, అందులోని వరుసలే లేన్లు. బీ450లో అది 3.0, బీ550లో 4.0 ఉన్నా, ఎనిమిది లేన్లు వాడుకునే ఆర్‌ఎక్స్ 6600కు ఆ రెట్టింపు దారి అక్కరకు రాలేదు. నాలుగే లేన్లున్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డుకు అది నిజంగా అవసరం. అయితే రైజెన్ 5 5500 గాని, 5600జీ గాని పెడితే బీ550 బోర్డులో కూడా 3.0 మాత్రమే వస్తుంది. ఆ పరిమితి ప్రాసెసరుది. పీసీఐఈ 4.0 కోసమని బీ550కి ఎక్కువ పెట్టేవారు ఈ రెండింటినీ జతచేసి చూసుకోవాలి. నేను పెట్టిన డబ్బు హీట్‌సింక్‌కు, స్లాట్లకు, బయోస్ బటన్‌కు.

ఏడో దశ: పాత బోర్డు, చివరి లెక్క (జూన్ 22)

బీ450 బోర్డును మా వీధిలోని ఒక కిరాణా కొట్టాయన బిల్లింగ్ కంప్యూటరు కోసం 3,000 రూపాయలకు తీసుకున్నాడు. ఆయన దగ్గర రైజెన్ 3 3200జీ ఉంది. ఇచ్చే ముందు దాన్ని పెట్టి ఆన్ చేసి, ఆయన కళ్ల ముందే బయోస్ తెర చూపించాను. పెట్టె మీద స్కెచ్ పెన్నుతో బయోస్ సంచిక, తేదీ, ఆరు కోర్ల ప్రాసెసరుతో 37 డిగ్రీల గదిలో 103 డిగ్రీలు వచ్చిన సంగతి, రీసెట్ పిన్నుల చోటు రాసి ఇచ్చాను.

మొత్తం 54,630. హద్దు కన్నా 1,630 ఎక్కువ. మొదటి రోజే 8,700 పెట్టి ఈ బోర్డు కొని ఉంటే 52,900తో ముగిసేది. మధ్యలో పోయిన 1,730లో బోర్డు మీద నష్టం 800, బయోస్ మార్పిడి 500, ఊడిపోయిన దిమ్మలు 180, పేస్టు 250.